మొహమాటం మానితే మంచి బండి

బతుకుతెరువు కోసం బండి కొనేవాళ్లలో షోరూం మెట్లెక్కేది కొద్దిమందే. మిగతావాళ్లంతా విజయవాడ ఆటోనగర్‌లోనో, ఊరి బైపాస్ పక్కనున్న ఆటో కన్సల్టెన్సీలోనో, ఫైనాన్స్ కంపెనీ సీజ్ చేసిన బండ్లు నిలబెట్టిన యార్డులోనో అయిదారేళ్లు తిరిగిన టాటా ఏస్‌నో, ఈకోనో, బొలెరో పికప్‌నో చూసుకుంటారు. చేతిలో రెండు మూడు లక్షలుంటాయి. అందులో కొంత చీటీ పాడింది, కొంత ఇంట్లో బంగారం కుదువపెట్టి తెచ్చింది. పండక్కి చీర కొనాలంటే నాలుగు షాపులు తిరిగే ఇల్లే, మూడు లక్షల బండి దగ్గర మాత్రం "చూడ్డానికి బాగానే ఉందిగా" అనేసి టీ చల్లారేలోపు టోకెన్ అడ్వాన్సు చేతిలో పెట్టేస్తుంది.

బండ్ల గురించి తెలియక ఇలా జరుగుతుందని అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన డ్రైవర్లు కూడా సొంతానికి కొనేటప్పుడు దెబ్బతింటున్నారు. వాళ్లకు ఇంజిన్ తెలుసు, గేరు తెలుసు. తెలియనిదల్లా నోరు తెరిచి అడగడం. సీటు పైకెత్తి ఇంజిన్ చూపించమనడానికి మొహమాటం. అసలు ఆర్సీ ఏదని అడగడానికి మొహమాటం. బాగాలేదని తెలిశాక "వద్దులే అన్నా" అని లేచి రావడానికి మరీ మొహమాటం. ఆ మొహమాటానికి బజార్లో ఒక ధర ఉంటుంది. దాన్ని తర్వాత మెకానిక్ షెడ్డులో కడతాం.

ముందు లెక్క, తర్వాతే బండి

బండి చూడటానికి బయల్దేరకముందే ఒక కాగితం తీసుకోండి. ఏం మోస్తాను, ఎంత దూరం మోస్తాను, నెలలో ఎన్ని రోజులు మోస్తాను. ఈ మూడింటికీ జవాబులు అంకెల్లో రాయండి. నోటి లెక్క ఎప్పుడూ మన ఆశ వైపే మొగ్గుతుంది. కాగితం మీద పడిన అంకె అలా మొగ్గదు.

వాటర్ ప్లాంటు పెట్టుకున్నవాళ్లను తీసుకుందాం. 20 లీటర్ల క్యాను నిండితే, ప్లాస్టిక్ బరువు కలుపుకుని 21 కిలోల దాకా తూగుతుంది. టాటా ఏస్ గోల్డ్ మోయగలిగేది సుమారు 750 కిలోలు. అంటే 35 క్యాన్లు. కానీ మన వీధుల్లో ఏస్ బండ్లు 50, 60 క్యాన్లతో కనిపిస్తాయి. 50 క్యాన్లంటే టన్ను దాటిపోయింది. ఆ బండి కమాన్ పట్టీలు ఎందుకు విరుగుతున్నాయో, బ్రేకు వేసినా ఎందుకు ఆగడం లేదో మెకానిక్‌ను అడగక్కర్లేదు. రోజుకు ఒకే ట్రిప్పులో 50 క్యాన్లు వేయాల్సిన పనైతే మీకు కావలసింది అశోక్ లేలాండ్ దోస్త్ తరగతి బండి. లేదా ఏస్‌తో రెండు ట్రిప్పులు. ఈ రెండిట్లో ఏది లాభమో చెప్పేది మీ రూటు.

పూలవాళ్ల సంగతి వేరు. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతిపూల మూటలు తెచ్చే బండికి బరువు సమస్య కాదు, చోటు సమస్య. క్యాటరింగ్ వాళ్లదీ అంతే. గిన్నెలు, స్టవ్‌లు, గ్యాస్ బండలు ఎత్తుగా పేర్చాలి, కింద పడకూడదు, వాన తగలకూడదు. టైల్స్, సిమెంటు మోసేవాడికి చోటు ఎంతున్నా పనికిరాదు, బరువే ముఖ్యం. ఎలక్ట్రీషియన్‌కో, ఏసీ మెకానిక్‌కో వెనక తలుపు తాళం పడే మూసిన బండి కావాలి. రాత్రి వీధిలో నిలిపితే పనిముట్లు పోకూడదు. అతనికి ఓపెన్ ట్రాలీ ఎంత చవగ్గా దొరికినా దండగే.

ఒక బండి ఎంత మోయాలో చెప్పేది అమ్మేవాడు కాదు, ఆర్సీ. అందులో ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండాల్సిన మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మీరు న్యాయంగా వేయగలిగిన లోడు వస్తుంది. వెనక బాడీ మార్చి, ఇనుప కమ్మీలు, రేకులు బిగించిన బండి అయితే ఆ అదనపు ఇనుము బరువు కూడా మీ లోడులోంచే పోతుంది. 2019లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఒక్కసారి పట్టుబడితే ఎన్ని ట్రిప్పుల కూలి పోతుందో మీరే వేసుకోండి.

ఇక మూడో ప్రశ్న, నెలలో ఎన్ని రోజులు? చాలామంది దాటేసే ప్రశ్న ఇదే. ఇక్కడ కాస్త ఆగుదాం.

మూడు లక్షల అప్పుతో బండి కొన్నారనుకోండి. నెల వాయిదా 11,333 రూపాయలు పడిందనుకుందాం (ఈ అంకె ఎలా వచ్చిందో కాసేపట్లో చెబుతాను). ఇన్సూరెన్సుకు నెలకు రెండు వేలు పక్కన పెట్టాలి. టైర్లు, బ్యాటరీ, చిల్లర రిపేర్లకు మూడు వేలు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ట్యాక్సు, పార్కింగ్ అన్నీ కలిపి ఒక అయిదు వందలు. దాదాపు 16,800 రూపాయలు. ఇందులో డీజిల్ లేదు, డ్రైవర్ జీతం లేదు. ఇప్పుడు ఇదే పనికి కిరాయి బండి పిలిస్తే ట్రిప్పుకు 1,200 అడుగుతున్నాడనుకుందాం. సొంత బండైతే అదే ట్రిప్పుకు డీజిల్ 400. అంటే ట్రిప్పుకు 800 మిగులు. 16,800ని 800తో భాగిస్తే 21. నెలలో 21 ట్రిప్పులు దాటాకే సొంత బండి మీకు రూపాయి మిగల్చడం మొదలుపెడుతుంది. మీ ఊళ్లో అంకెలు వేరుగా ఉంటాయి. భాగహారం మాత్రం ఇదే.

పెళ్లిళ్ల సీజన్లోనే పని ఉండే టెంట్‌హౌస్ కుర్రాడికి ఈ లెక్క చేదుగా ఉంటుంది. నెలకు పది ట్రిప్పులు కూడా లేకపోతే కిరాయి బండే నయం. కొనకూడదని తేల్చుకోవడం కూడా నిర్ణయమే. దానికి కాస్త ఎక్కువ ధైర్యం కావాలి, ఎందుకంటే దాన్ని చుట్టాలకు చూపించలేం.

నాలుగు చక్రాల గౌరవం

ఏస్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన టాటా బృందానికి నాయకుడు గిరీష్ వాఘ్. బొమ్మ గీయకముందే ఆ బృందం మూడు చక్రాల ట్రాలీ నడిపేవాళ్ల దగ్గరికి వెళ్లి, మీకెలాంటి బండి కావాలని అడిగింది. నాలుగు చక్రాల బండి ఉంటే మా ఊళ్లో నాకు మంచి పెళ్లి సంబంధం వస్తుందని ఒకతను చెప్పాడన్న ముచ్చట ఆ బండి పుట్టుక గురించి రాసిన చాలాచోట్ల కనిపిస్తుంది.

నవ్వుకోనక్కర్లేదు. బండి మనిషికి గౌరవం తెస్తుంది, ఆ గౌరవం అప్పు పుట్టడానికీ పనికొస్తుంది. నేనేమీ దాన్ని తక్కువ చేయను. కానీ బడ్జెట్ చిన్నదైనప్పుడు గౌరవానికి ఎంత కడుతున్నామో తెలిసి కట్టాలి. ఏస్‌తో తీరే పనికి బొలెరో పికప్ కొనేవాళ్లను చూస్తుంటాం. "మనవాళ్లలో అందరికీ పికప్పే ఉంది" అనేది వాళ్ల కారణం. పెద్ద బండికి పెద్ద టైర్లు, పెద్ద క్లచ్, ఎక్కువ డీజిల్. పైగా మోటారు వాహనాల చట్టం ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకుల బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్, జీతో లాంటి చిన్నబండ్లు ఆ హద్దు లోపలే ఉంటాయి. పెద్ద పికప్‌లలో కొన్ని దాటుతాయి. బావమరిది ముందు తలెత్తుకోవడానికి ఏటా ఎంత కడతారో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే కొనుక్కోండి.

లైసెన్సు గురించి ఒకమాట. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సుతో సరుకుల బండి నడపొచ్చా అన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తేల్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చు. సరుకుల బండి నడపడానికి బ్యాడ్జీ తెప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఈ మాట చెప్పండి.

డబ్బు మొత్తం బండి మీదే పెట్టకండి

మూడు లక్షలుంటే రెండున్నర లోపు బండి చూడండి. మిగిలింది బండి ఇంటికొచ్చిన మొదటి నెలలోనే ఖర్చయిపోతుంది. టైర్లు, బ్యాటరీ, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ షూలు, పేరు మార్పిడి ఫీజు, ఇన్సూరెన్సు. ఈ చివరిదాన్ని తక్కువ అంచనా వేస్తారు. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు సరుకుల వాహనానికి థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 16,049 రూపాయలు, జీఎస్టీ అదనం. 1000 సీసీ లోపు సొంత కారుకు అది 2,094. కారుకు కట్టిన అనుభవంతో ఏస్‌కు లెక్క వేసుకునేవాడు ఇక్కడే తడబడతాడు.

ఇప్పుడు ఆ 11,333 సంగతి. పాత బండికి ఫైనాన్స్ ఇచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఫ్లాట్ వడ్డీ. మూడు లక్షలకు 12 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ 1,08,000. మొత్తం 4,08,000ని 36తో భాగిస్తే 11,333. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటిరోజు అప్పు మీదే నడుస్తుంటుంది. నిజానికి తగ్గే అసలు మీద లెక్క వేస్తే అది 21 శాతం పైచిలుకు. అదే 12 శాతం తగ్గే అసలు మీద అయితే వాయిదా 9,964. తేడా నెలకు 1,369, మూడేళ్లకు 49 వేలు దాటుతుంది. ఒక సెట్టు టైర్లు వేయించి, క్లచ్ మార్పించి, ఇంకా చేతిలో మిగిలే డబ్బు. "ఫ్లాటా, తగ్గేదా?" అన్న ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడితే పోయేది ఇంత.

మొహమాటపడకుండా బ్యాంకుకు కూడా వెళ్లండి. 2015లో మొదలైన ముద్ర పథకంలో కిశోర్ విభాగం కింద 50 వేల నుంచి 5 లక్షల దాకా చిన్న వ్యాపారానికి హామీ లేకుండా అప్పు ఇవ్వొచ్చు. పాత బండికి ఇస్తారా లేదా అన్నది ఆ శాఖ మేనేజరు చూసుకుంటాడు. కానీ అడగకుండానే "మనకెవరిస్తారులే" అని వెనక్కి తిరగడం మాత్రం వద్దు. ఒకచోట కాదంటే ఇంకో శాఖ.

బండి దగ్గర నిలబడ్డప్పుడు

పొద్దున్నే వెళ్లండి. ముందు రోజే ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అన్నా" అని చెప్పండి. వెళ్లగానే సీటు ఎత్తించి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఏస్‌లో, ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. వేడిగా ఉందంటే మీరొచ్చేలోపు దాన్ని వేడెక్కించారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎన్ని సెల్ఫులకు అందుకుంటుందో, మొదటి నిమిషంలో ఎలా దడదడలాడుతుందో, సైలెన్సర్‌లోంచి ఏ రంగు పొగ వస్తుందో అన్నీ అప్పుడే తెలుస్తాయి. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, బోరు పని దగ్గర పడింది. నల్లపొగ డీజిల్ సరిగ్గా మండకపోవడం, అది నాజిల్స్ దగ్గరో ఫిల్టర్ దగ్గరో తేలిపోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే, ఆయిల్ మూత తీస్తే లోపల పాలమీగడలాంటి తెట్టు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి. ఆ బండి దగ్గర బేరమే వద్దు.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడటం మన మెకానిక్‌లకు అలవాటు. పొగ గుప్పుమని ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. ఇదంతా మీకు రాకపోయినా నష్టం లేదు. మీ మెకానిక్‌ను తీసుకెళ్లండి. అతని రోజు కూలి, దారి ఖర్చు, భోజనం మీరే పెట్టుకోండి. అమ్మేవాడు "మన షెడ్డు మెకానిక్కే ఉన్నాడు" అంటే నవ్వి ఊరుకోండి. ఫ్రీగా చూసే మెకానిక్ ఎవరి అన్నం తింటున్నాడో ఆలోచించండి.

ఇంజిన్‌ను బాగుచేయించుకోవచ్చు. ఛాసిస్‌ను తినేసిన తుప్పును బాగుచేయడం కష్టం. ఈ విషయంలో కోస్తా బండ్ల దగ్గర రెట్టింపు జాగ్రత్త. భీమవరం వైపో, నెల్లూరు వైపో చేపలు, రొయ్యలు మోసిన బండి అయితే ఏళ్ల తరబడి ఐసు నీళ్లూ ఉప్పు నీళ్లూ దాని అడుగున కారి ఉంటాయి. పైన పెయింటు తళతళలాడుతుంది. కింద పడుకుని టార్చి వేసి చూస్తే పొరలు పొరలుగా రాలుతుంది. కొత్త పెయింటు వేసిన పాత బండిని చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. వేలి కణుపుతో తడుతూ వెళ్లండి. రేకు ఉన్నచోట గలగలమంటుంది, లప్పం పెట్టినచోట మొద్దుగా పలుకుతుంది. ఛాసిస్ మీద కొత్తగా వెల్డింగ్ చేసిన అతుకులు కనిపిస్తే ఎందుకు పడ్డాయో అడగండి. ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నదానితో అంకె అంకె సరిపోల్చండి. ఆ నంబరు చుట్టూ గీకిన గుర్తులుంటే ఆ పూటకు ఇంటికి వెళ్లిపోండి.

మీటరు చూపించే కిలోమీటర్లు నమ్మకండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా మారింది, స్టీరింగ్ మెరుస్తోంది, డ్రైవర్ సీటు ఒకపక్కకు కుంగింది, మీటర్ మాత్రం 40 వేలు చెబుతోంది అంటే ఎవరు నిజం చెబుతున్నారో తెలుస్తూనే ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో చేయించిన బండైతే నంబరు చెప్పి పాత సర్వీసు రికార్డు తెప్పించమనండి. ఇష్టమున్నవాడు తెప్పిస్తాడు.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. పూతపోసి నల్లగా మెరిపించిన టైరు వయసు అక్కడ దొరికిపోతుంది. రీబటన్ టైర్లేమో కూడా చూడండి, స్టెప్నీతో సహా. సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష జరగాలి, ఆ తేదీ ముద్ర అడగండి. బయట గ్యాస్ కిట్ బిగించిన పాత ఓమ్నీ అయితే ఆ సంగతి ఆర్సీలో ఎక్కి ఉండాలి. ఓమ్నీల తయారీ 2019లోనే ఆగిపోయింది. స్పేర్లు ఇప్పటికీ ప్రతి ఊళ్లో దొరుకుతాయి కానీ బండ్ల వయసు మాత్రం పెరిగిపోతోంది.

బీఎస్-4, బీఎస్-6 అనే పొగ ప్రమాణాల మాట వస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవి బీఎస్-6. వాటిలో సెన్సర్లు ఎక్కువ, రోడ్డు పక్క స్పానరు చాలదు, స్కానర్ ఉన్న మెకానిక్ కావాలి. మీరుండేది హైదరాబాదు అయితే ఇబ్బంది లేదు. పాడేరు ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్లు మాత్రం దగ్గర్లో అలాంటి మెకానిక్ ఉన్నాడో లేడో ముందే చూసుకోవాలి.

ట్రయల్‌కు ఖాళీ బండి తీసుకెళ్తే సగమే తెలుస్తుంది. కాస్త లోడుతో, కనీసం నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని ఒక ఫ్లైఓవర్ ఎక్కించండి. గేరు జారుతోందా, క్లచ్ కాలిన వాసన వస్తోందా, స్టీరింగ్ ఒకవైపు లాగుతోందా తెలుస్తుంది. "లోడుతో ఎందుకన్నా, బండి పువ్వులా ఉంది" అంటాడు. పువ్వు మీకొద్దు, లోడు లాగే బండి కావాలి.

మాటలు వినడం, మాట ఆపడం

ప్రతి పాత బండికీ ఒక కథ ఉంటుంది. "పాలబండి అన్నా, పొద్దున రెండు గంటలు తిరిగితే మళ్లీ తెల్లారేదాకా షెడ్డులోనే." నిజమే కావచ్చు. కానీ పాలబండి ఆ రెండు గంటల్లో ఇంటింటికీ ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ క్లచ్, బ్రేకు, సెల్ఫ్ మోటారు పనిచేస్తాయి. "ఓనర్ డ్రైవింగే." ఓనరు కూడా ఓవర్‌లోడు వేస్తాడు. ఈ కథల్ని కొట్టిపారేయకండి, గొడవపడకండి. వాటి వెంట ఇంకో ప్రశ్న వేయండి. ఏ డెయిరీకి తిరిగింది? ఏ రూటు? సర్వీసు ఎక్కడ? ఎందుకమ్ముతున్నారు? అడిగి ఊరుకోండి. మన నోరు మూసుకుంటే ఎదుటివాడి నోరు తెరుచుకుంటుంది. మనలో చాలామంది ప్రశ్న వేసి, జవాబు కూడా మనమే అందిస్తాం. "కొత్త బండి కొంటున్నారనా అమ్మేది?" అంటాం. ఆయన హాయిగా తలూపుతాడు.

కర్రీ పాయింటో, పిండివంటల వ్యాపారమో నడుపుతూ బండి కొనే ఆడవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అమ్మేవాడు డబ్బు పెట్టే ఆమెను వదిలేసి పక్కనున్న తమ్ముడితోనో, డ్రైవర్‌తోనో మాట్లాడతాడు. తమ్ముడు రెండు మాటలకే మెత్తబడి "బాగుందక్కా, తీసుకో" అంటాడు. ఇలాంటప్పుడు ఒకటే దారి. ఇంట్లోనే తేల్చుకోండి, ధర నోటివెంట వచ్చేది ఒక్కరి దగ్గర్నుంచే అని. ఆ ఒక్కరూ డబ్బు పెట్టేవాళ్లే కావాలి.

అన్నిటికన్నా కష్టమైన బేరం తెలిసినవాళ్ల బండి. "మన సుబ్బారావు బాబాయ్ బండేరా, కళ్లు మూసుకుని తీసుకో" అని ఇంట్లో పెద్దవాళ్లంటారు. బాబాయ్ మంచివాడే. బండి ఎలాంటిదో వేరే సంగతి. అక్కడ మెకానిక్‌ను తీసుకెళ్తే అనుమానించారని నొచ్చుకుంటారేమోనని భయం. ఆ భయాన్ని ముందే మాటల్లో పెట్టేయండి. "బాబాయ్, అప్పు ఇచ్చేవాళ్లు మెకానిక్ రిపోర్టు అడుగుతున్నారు, ఒకసారి చూపిస్తాను" అనో, "రేపు ఏదైనా వస్తే మన మధ్య మాట రాకూడదు బాబాయ్, అందుకే ఇప్పుడే చూపిద్దాం" అనో చెప్పండి. నాకైతే రెండోదే నచ్చుతుంది. అందులో అబద్ధం లేదు. చూపించకుండా కొని, ఆరు నెలల తర్వాత ఇంజిన్ పని వస్తే బండితో పాటు చుట్టరికం కూడా షెడ్డుకెక్కుతుంది.

బేరంలో కోపం అక్కర్లేదు. కాగితం మీద రాసింది చూపించండి. "టైర్లు నాలుగు మార్చాలి, బ్యాటరీ పోయింది, ఎఫ్‌సీ వచ్చే నెల అయిపోతుంది" అని లెక్క చెప్పి, అంత తగ్గించమనండి. ఊరికే "ఇంకో పదివేలు తగ్గించు" అంటే ఆయన "ఇంకో అయిదు వేలు పెట్టు" అంటాడు. లెక్క చెబితే ఆయన లెక్కకు జవాబు చెప్పాలి. అప్పుడు ఆయన ఆఖరి అస్త్రం తీస్తాడు. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, ఇప్పుడు అడ్వాన్సు ఇస్తే ఉంచుతా." ఆ పార్టీ నిజంగానే రావచ్చు, బండి పోవచ్చు. పోనివ్వండి. ఏస్‌లు, ఈకోలు లక్షల్లో తిరుగుతున్నాయి, ఇంకోటి దొరుకుతుంది. అడ్వాన్సు ఇచ్చాక మాత్రం మన బుర్ర పనిచేసే తీరే మారిపోతుంది. అప్పటిదాకా లోపాలు వెతికిన మనిషి, అయిదు వేలు ఇచ్చిన క్షణం నుంచి ఆ లోపాలకు సాకులు వెతుకుతాడు. అందుకని కాగితాలు చూసేదాకా జేబులోంచి చెయ్యి బయటికి రాకూడదు.

కాగితాలు

నంబరు ప్లేటుతో మొదలుపెట్టండి. కిరాయికి సరుకు మోయాలంటే పసుపు ప్లేటు ఉండాలి. తెల్లప్లేటు ఈకోలో మీ పనిముట్లు మీరు తీసుకెళ్లడం ఒకటి, ఊరి సరుకంతా కిరాయికి వేయడం ఇంకొకటి. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఆర్సీ అసలుది చూడండి. ఫైనాన్స్ పేరు అందులో ఉంటే కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. "అప్పు తీర్చేశాం, కాగితం రావాలి" అనే మాట మీద డబ్బు ఇవ్వొద్దు. వేరే రాష్ట్రం బండి చవగ్గా ఉంటే అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన ట్యాక్సు కలిపి చూడండి, చవక ఎంత మిగిలిందో. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో అక్కడే నిలబడి చూసి, అమ్మేవాడి చేతే కట్టించండి. సరుకుల బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. బండి వయసు ఏడు దాటిందంటే ఆ ఖర్చు, ఒకరోజు పని పోవడం మీ లెక్కలోకి వచ్చేశాయి. ఇన్సూరెన్సులో పాత ఓనరుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనది, మీకు రాదు.

మీరు అమ్మేవాళ్లయినా కొనేవాళ్లయినా ఒక తీర్పు తెలిసి ఉండాలి. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, బండి చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే ప్రమాద నష్టపరిహారం కట్టాల్సింది ఆర్సీలో పేరున్నవాడే. అందుకే మంచి అమ్మకందారు తనే తొందరపెడతాడు పేరు మార్చుకోమని. "ఆర్నెల్ల తర్వాత మార్చుకుందాంలే" అనేవాడి దగ్గర కాగితాల్లో ఏదో తేడా ఉండొచ్చు.

డబ్బు బ్యాంకు ద్వారా, ఆర్సీలో పేరున్నవాడి ఖాతాకే పంపండి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి చట్టమే ఒప్పుకోదు. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంట కూడా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అదే రోజు అయిపోవాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు ఆర్టీఏకు తెలపడానికి గడువు 14 రోజులు. ఇన్సూరెన్సు మీ పేరున మార్చమని అడగడానికీ అంతే గడువు. ఆ రెండు పనులూ ఏజెంటు మీద వదిలేసి ఊరుకోకండి, రసీదులు తెచ్చుకోండి. ఆర్సీ మీద మీ పేరు పడ్డాక కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మొదటి లోడు ఎత్తండి.